మనం ఏ పెట్టెలో ఎక్కాలి?

(పెనుకొండలో జరిగిన దళిత ఉద్యోగులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు అప్పజెప్పిన అంశం వినగానే కొందరు నవ్వారు. "భూమి గురించి మాట్లాడాల్సిన సభ ఇది. హాస్టళ్ల గురించి మాట్లాడాల్సిన సభ. ఇక్కడ రైలు టికెట్టు గురించి ఏం మాట్లాడతారు సార్?" అన్నారు. నవ్వితే నవ్వండి. ఈ ప్రశ్న మేము పుట్టించింది కాదు. పోయిన సమావేశంలో మీలోంచే వచ్చింది.

బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న తమ్ముడొకడు లేచి అడిగాడు. "సార్, నాకిప్పుడు జీతం వస్తా ఉంది. హైదరాబాదుకు ఫస్టు క్లాసులో పోగలను. పోతే మన కాలనీవాళ్లే 'వీడు దొరైపోయినాడు' అంటారు. పోకపోతే 'డబ్బులొచ్చినా వీళ్లకు బతకడం చేతగాదు' అని బయటోళ్లు అంటారు. ఏం చెయ్యమంటారు?" అన్నాడు. వెంటనే సభ రెండు జట్లయింది. దొరలు కూచున్న చోట మనమూ కూచుంటేనే ఆత్మగౌరవం అని ఒక జట్టు. అదంతా దొరల మోజు, ఆ డబ్బు కాలనీకి పెట్టాలని ఇంకో జట్టు. గంటసేపు అరుచుకున్నారు. తేలలేదు. తేల్చుకుని రమ్మని మా మీద పెట్టారు.

మేమంటే ముగ్గురు పంతుళ్లం. ఒకరిది హిందూపురం, ఒకరిది పెనుకొండ, ఒకరిది ధర్మవరం. ఈ రోజు మాట్లాడుతున్నది ఒకరే అయినా మాట ముగ్గురిదీ. మా నాయనల్లో ఒకరు తోళ్ల పని చేశాడు. ఒకరు చెరుకు గానుగ కాడ బెల్లం పొయ్యికి మంట వేశాడు. ఒకరు పట్టుగూళ్ల మూటలు మోశాడు. మా ఇళ్లల్లో డిగ్రీ దాకా చదివింది మేమే మొదలు. ఈ రైలు దారి మీద తిరిగే చదువుకున్నాం, తిరుగుతూనే ఉద్యోగాలు చేశాం. అందుకని ఈ విషయంలో మాకు కొంచెం అనుభవం ఉందనుకుంటున్నాం.

ముందుగా ఒక జ్ఞాపకం. చిన్నప్పుడు ప్యాసింజరు బండిలో హిందూపురం సంతకు పోయేవాళ్లం. అందరిదీ ఒకటే టికెట్టు, ఒకటే పెట్టె, అవే చెక్క బల్లలు. అయినా ఊరి పెద్ద రైతు అదే పెట్టెలో ఉంటే మా నాయన బల్ల మీద కూచునేవాడు కాదు. ఖాళీ ఉన్నా కూచునేవాడు కాదు. తలుపు దగ్గర గొంతుక్కూచునేవాడు. "టికెట్టు కొన్నాం కదా నాయనా" అంటే "ఊర్లో దిగాల కదప్పా" అనేవాడు. రైలు బెంగుళూరుకు పోతా ఉన్నా మా నాయన మాత్రం ఊర్లోనే ఉన్నాడు. కూచోవడానికి టికెట్టు ఒక్కటే చాలదని మాకు అప్పుడే తెలిసింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు లెక్క చూద్దాం. మనవాళ్లు లెక్క చూడకుండానే గౌరవమంటారు, మోజంటారు.

స్లీపరు టికెట్టు 100 రూపాయలు అనుకోండి. జనరల్ పెట్టెకు దాంట్లో సుమారు సగం పడుతుంది. థర్డ్ ఏసీకి 260 దాకా, సెకండ్ ఏసీకి 370 దాకా అవుతుంది. ఫస్టు ఏసీ 600 దగ్గరికి పోతుంది. బండిని బట్టి, దూరాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది కానీ వరస ఇదే. దీని మీద ఏసీ తరగతులకు 5 శాతం జీఎస్టీ ఉంది. స్లీపరుకు, జనరల్‌కు లేదు. రిజర్వేషన్ రుసుము స్లీపరుకు 20 రూపాయలు, ఫస్టుకు 60.

ఈ డబ్బుకు ఏమొస్తుంది? కొత్త రకం పెట్టెలు తీసుకుంటే స్లీపరులో 80 బెర్తులుంటాయి. థర్డ్ ఏసీలో 72, సెకండ్ ఏసీలో 52, ఫస్టులో 24. అంటే స్లీపరులో 80 మంది పడుకునే చోట ఫస్టులో 24 మంది పడుకుంటారు. చోటు మూడింతలకు పైన వస్తుంది. ధర ఆరింతలు పడుతుంది. మిగతా డబ్బు దేనికి? చల్లగాలికి, ఉతికిన దుప్పటికి కొంత. ఇవి థర్డ్ ఏసీలోనూ ఉన్నాయి. ఫస్టులో ఉండి మిగతా తరగతుల్లో లేనిది ఒక్కటే, గదికి తలుపు. మూసుకుంటే మూసుకుపోయే తలుపు. ఇద్దరికో నలుగురికో ఒక గది. ఆ తలుపు కోసమే సగం డబ్బు కడుతున్నాం. అందరికంటే ముందు చేరేదేమీ లేదు. ఇంజను ఒకటే కాబట్టి అన్ని పెట్టెలూ ఒకే నిమిషానికి స్టేషన్లోకి వస్తాయి.

సామాను సంగతి చూడండి. ఉచితంగా తీసుకుపోగలిగింది ఫస్టు ఏసీలో 70 కిలోలు, స్లీపరులో 40, సెకండు క్లాసులో 35. బెంగుళూరుకు బేల్దారి పనికి పోయే మనోళ్లు గిన్నెలు, బియ్యం, పరుపు, పిల్లల బట్టలు, సంసారమంతా మూటగట్టుకుని పోతారు. వాళ్లకు 35 కిలోలు. చిన్న పెట్టె చక్రాల మీద లాక్కుంటూ పోయేవాళ్లకు 70. ఇంకొకటి చెప్తాం. ఫస్టు ఏసీలో గది మొత్తం బుక్ చేసుకుంటే పెంపుడు కుక్కను కూడా వెంట తీసుకుపోవచ్చు. దానికి రూలు ఉంది. మంచిదే, కుక్క మీద మాకు కోపం లేదు. 1927లో మహద్ చెరువులో పశువులు నీళ్లు తాగొచ్చు, మనిషి తాగకూడదన్న దేశం ఇది. కుక్కకు చోటు దొరకడం ఇక్కడ కొత్త కాదు.

లెక్క ఇంతే. ఇక ఈ లెక్కలోకి రానిది చెప్పాలి. దానికి ఒక ప్రయాణం కథ వినండి.

2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఆవిష్కరించారు. మా ముగ్గురిలో ఒకరి తల్లి టీవీలో చూసి "సచ్చేలోపల ఒకసారి సూడాల" అన్నది. ఆమెను మేమందరం అవ్వ అనే పిలుస్తాం. వయసు డెబ్బై దాటింది. నాట్లు వేసీ వేసీ మోకాళ్లు అరిగిపోయినాయి. జనరల్‌లో తీసుకుపోలేం. స్లీపరులో పడుకుంటుంది కానీ కింది బెర్తు దొరుకుతుందో లేదో. కొడుకు తెగించి ఆమెకూ తనకూ ఫస్టు ఏసీ తీశాడు. మిగతా ఇద్దరం స్లీపరులో తీసుకున్నాం. పెనుకొండలో అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆగవు కాబట్టి హిందూపురం పోయి ఎక్కాం. ధర్మవరం మాస్టారు ధర్మవరంలో ఎక్కాడు.

టికెట్టు తీసిన రోజే అవ్వ ధర అడిగింది. స్లీపరుకూ దీనికీ మనిషికి 1,700 రూపాయల దాకా తేడా అని చెప్పాడు కొడుకు. ఆమెకు రూపాయల లెక్క కంటే కూలి లెక్క బాగా వచ్చు. "ఆరు దినాల కూలి" అన్నది. "ఒక్క రాత్రి పండుకోడానికి ఆరు దినాల కూలా?" అన్నది. ఇంకేమీ అనలేదు.

ఫస్టు ఏసీలో నాలుగు బెర్తుల గది. బెంగుళూరు నుంచి వస్తున్న ఒక పెద్దమనిషి అప్పటికే కూచుని ఉన్నాడు. మంచివాడుగానే కనబడ్డాడు. అవ్వ మూట అందుకుని లోపల పెట్టాడు. ఎందాక పోతున్నారన్నాడు. ఏం ఉద్యోగమన్నాడు. టీచరు అంటే "చాలా మంచి వృత్తి" అన్నాడు. ఏ ఊరన్నాడు. ఇంటిపేరేమన్నాడు. అది చెప్తే ఆయనకు తేలలేదు. చివరికి అడిగేశాడు. "మీరేం జనం?"

మిత్రులారా, ఈ ప్రశ్న జనరల్ పెట్టెలోనూ అడుగుతారు. అక్కడ పక్కవాడు వినకముందే ఇంకొకడు తోసుకుని వస్తాడు, మాట మరుగున పడిపోతుంది. ఫస్టు క్లాసులో నలుగురే ఉంటారు, తలుపు మూసి ఉంటుంది, రాత్రంతా ఉంటుంది. జవాబు చెప్పక తప్పదు. ఒకప్పుడు పెట్టె తలుపు పక్కన ప్రయాణికుల పేర్లతో చార్టు అంటించేవారు. 2018లో పెద్ద స్టేషన్లలో అది ఆపేశారు. మనవాళ్లు కొందరు ఆ చార్టులో తమ పేరు పక్కన ఎవరి పేరుందో చూసుకుని, ఆ ఇంటిపేరు తోక చూసుకుని, రాత్రికి ఏం మాట్లాడాలో ముందే తయారు చేసుకునేవారు. చార్టు పోయింది. ప్రశ్న పోలేదు.

"మాదిగోళ్లం" అన్నాడు అవ్వ కొడుకు.

"ఓహో" అన్నాడాయన. ఫోను తీసి చూసుకున్నాడు. అవ్వకు ఈ సంగతంతా తెలుసో తెలియదో, మూట విప్పి ఒబ్బట్లు తీసింది. ఒకటి ఆయన ముందు పెట్టింది. "రాత్రిపూట నేనేమీ తిననమ్మా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. బయటికి పోయి టీటీఈని ఏదో అడిగాడు. టీటీఈ చెప్పింది లోపలికి వినబడింది. "ఖాళీ లేదు సార్. ఎవరి బెర్తు వారిది." ఆయన తిరిగొచ్చి అరగంటకు అటు తిరిగి కూచుని తన డబ్బా విప్పి చపాతీలు తిన్నాడు.

ఎవరూ కొట్టలేదు. తిట్టలేదు. దింపెయ్యలేదు. ఇది అత్యాచార నిరోధక చట్టం కిందికి వచ్చే కేసు కూడా కాదు. కానీ ఆ రాత్రి మనం కట్టిన డబ్బుకు ఏమొచ్చింది, ఏం రాలేదు అనేది తేలిపోయింది. "ఎవరి బెర్తు వారిది" అనే మాట వచ్చింది. అది చిన్నది కాదు. దాని వెనక చట్టముంది, రాజ్యాంగముంది, బాబాసాహెబ్ ఉన్నాడు. కానీ ఆ ఒబ్బట్టు తినిపించే టికెట్టు ఏ కౌంటర్లోనూ అమ్మరు.

ఇది కొత్త సంగతి కాదు. బాబాసాహెబ్ తన చిన్ననాటి అనుభవం రాసిపెట్టాడు. 1901లో సతారా నుంచి తండ్రి దగ్గరికి కోరేగావ్ పోతూ పిల్లలు మసూర్ స్టేషన్లో దిగారు. కొత్త బట్టలు వేసుకున్నారు, చూడ్డానికి కలిగిన ఇంటి పిల్లల్లాగా ఉన్నారు. స్టేషన్ మాస్టరు దయగానే పలకరించాడు. మహర్లమని చెప్పగానే మొహం మారిపోయింది. చేతిలో డబ్బులున్నా ఎడ్లబండివాళ్లు ఎవరూ రాలేదు. చివరికి ఒక బండివాడు ఒప్పుకున్నాడు. రెండింతల కిరాయి కట్టాలి, బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడిచి వస్తాడు. ఆ రాత్రంతా వాళ్లకు గుక్కెడు నీళ్లు కూడా దొరకలేదు. ఎక్కువ డబ్బు కట్టి ప్రయాణం చేయడమనే పాఠం మనకు అక్కడే మొదలయింది. మనం రెండింతలు కట్టింది సుఖానికి కాదు. మనల్ని ముట్టుకోకుండా ఉన్నందుకు వాళ్లు వసూలు చేసుకున్న కిరాయి అది.

పెద్ద పదవి వస్తే పోతుందా? జగ్జీవన్ రామ్ 1956 నుంచి 1962 దాకా ఈ దేశానికి రైల్వే మంత్రి. రైళ్లన్నీ ఆయన శాఖ కిందివే. ఆయన ఎక్కలేని పెట్టె లేదు. 1978లో రక్షణ మంత్రిగా ఉండి కాశీలో సంపూర్ణానంద్ విగ్రహం ఆవిష్కరించాడు. ఆయన వెళ్లిపోయాక ఆ విగ్రహాన్ని గంగనీళ్లతో కడిగారు. ఇంతకంటే పెద్ద తరగతి టికెట్టు ఇంకేముంటుంది?

ఇది మన దేశంలోనే కాదు. అమెరికాలో ఐడా వెల్స్ అని నల్లజాతి ఆడకూతురు ఉండేది. మాలాగే బడిపంతులమ్మ. 1880లలో టెనెసీ రాష్ట్రంలో ఫస్టు క్లాసు టికెట్టు కొని ఆడవాళ్ల పెట్టెలో కూచుంది. పొగతాగేవాళ్ల పెట్టెలోకి పొమ్మన్నారు. పోనన్నది. మగవాళ్లు కలిసి ఈడ్చి దింపేశారు. ఆమె కండక్టరు చేతిని కొరికింది. కోర్టుకు పోయి 1884లో 500 డాలర్ల పరిహారం గెలిచింది. 1887లో పైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. తర్వాత 1892 జూన్ 7న న్యూ ఆర్లియన్స్‌లో హోమర్ ప్లెసీ ఫస్టు క్లాసు టికెట్టు కొని తెల్లవాళ్ల పెట్టెలో కూచున్నాడు. అతనిది చెప్పులు, బూట్లు కుట్టే వృత్తి. మన చుట్టమే అనుకోండి. అరెస్టు చేశారు. 1896లో అమెరికా సుప్రీం కోర్టు పెట్టెలు వేరుగా ఉంటే తప్పులేదని తీర్పిచ్చింది. ఆ సిద్ధాంతం 1954లో బడుల కేసు వచ్చేదాకా నిలబడింది. సరిగ్గా ప్లెసీ అరెస్టయిన ఏడాదికి, 1893 జూన్ 7న, దక్షిణాఫ్రికాలో ఫస్టు క్లాసు టికెట్టున్న గాంధీని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్లో దింపేశారు. ఆ కథ మన పాఠ్యపుస్తకాల్లో ఉంది, మేమే పిల్లలకు చెప్తాం. ఐడా వెల్స్ కథ లేదు. మసూర్ స్టేషన్ కథ ఎన్ని బడుల్లో చెప్తున్నారో మీరే లెక్కబెట్టండి.

గాంధీ ఇండియాకు వచ్చాక మూడో తరగతిలో తిరిగాడు. ఆ పెట్టెల కష్టాల మీద 1917లో రాశాడు కూడా. మంచిదే. కానీ ఒక తేడా ఉంది. ఫస్టు క్లాసు వదిలేసి మూడో తరగతిలో కూచుంటే అది త్యాగమవుతుంది. మొదటినుంచీ మూడో తరగతిలోనే, అదీ తలుపు దగ్గర నేలమీద కూచున్నవాడిది ఏ త్యాగం? అందుకని "సింపుల్‌గా బతకండి, జనరల్‌లో పొండి" అని మనకు ఎవరన్నా నీతి చెప్తే వినాల్సిన పని లేదు. వదిలెయ్యడానికి ముందు చేతిలో ఉండాలి కదా.

ఇంతదాకా విని "అయితే ఫస్టు క్లాసు దండగ" అని మీరు తేల్చేసి ఉంటారు. ఆగండి. అవ్వ కథలో ఒక ముక్క చెప్పకుండా దాచాం.

అవ్వ ఆ గదిలోకి అడుగు పెట్టగానే జరిగింది ఇది. నాలుగు దిక్కులా చూసింది. చీర సర్దుకుంది. రెండు బెర్తుల నడుమ నేలమీద కూచుంది. పెద్దమనిషి ఆమెను కూచోవద్దని అనలేదు. అప్పటికి ఆయనకు కులమే తెలియదు. ఎవరూ ఏమీ అనలేదు. తనంతట తానే కూచుంది.

కొడుకు "పైన కూచోమ్మా" అన్నాడు.

"ఈడే సల్లగుంది నాయనా."

"పైన నీ సీటుంది."

"ఎవురన్నా వస్తారేమో. వచ్చి అరుస్తే?"

ఆ తల్లికి చదువు రాదు. కొడుకు పక్కన కూచుని టికెట్టు ఆమె చేతిలో పెట్టి, వేలు పట్టుకుని ఆమె పేరు ఉన్న చోట ఆనించి చదివి వినిపించాడు. పేరు, వయసు, బెర్తు నంబరు. "ఇది నీ పేరుతో ఉందమ్మా. ఈ బండి హైదరాబాదు చేరేదాకా నిన్ను లేపే హక్కు ఎవరికీ లేదు" అన్నాడు. అప్పుడు లేచి బెర్తు అంచున కూచుంది. ధర్మవరం దాటాక కాళ్లు చాపుకుంది. తర్వాతే ఆ ఒబ్బట్ల సంగతి. ఆయన తినలేదని ఆమె మళ్లీ నేలమీదికి దిగలేదు. ఆయన వీపు వైపు చూస్తూ తన ఒబ్బట్టు తాను తిని, దుప్పటి కప్పుకుని పడుకుంది. తెల్లారి కాచిగూడలో దిగి "మోకాలు నొయ్యలేదు" అన్నది.

మిత్రులారా, మా నాయన చనిపోయేదాకా ఏ రైల్లోనూ ఊరి పెద్ద ఎదురుగా బల్లమీద కూచోలేదు. అవ్వ డెబ్బై దాటాక కూచుంది. ఆ ఆరు దినాల కూలి దండగని మేము అనలేం. ఆ రాత్రి మనం కొన్నది ఆ పెద్దమనిషి మర్యాద కాదు. అది దొరకలేదు, దొరికినా మనకు అక్కర్లేదు. మన లోపల తలుపు దగ్గర గొంతుక్కూచున్న మనిషిని లేపి పైన కూచోబెట్టాం. దానికి ఒకసారి ఖర్చు పెట్టొచ్చు.

ఒకసారి అంటున్నాం. వచ్చేటప్పుడు ఏం చేశామో కూడా వినండి. ముందే తీసిన టికెట్లు, నలుగురికీ స్లీపరే. అవ్వకు కింది బెర్తు దొరికింది. పక్కన కర్నూలు దాకా వచ్చే ఆడవాళ్లు ముగ్గురు. ఎక్కిన గంటకే ఒకరి పిల్ల అవ్వ ఒడిలో నిద్రపోయింది. మిగిలిన ఒబ్బట్లు అందరూ తిన్నారు. వాళ్లూ కులం అడిగారు, అవ్వే చెప్పింది. ఒకామె తినడం ఆపింది, ఇద్దరు ఆపలేదు. అవ్వ కొడుకుతో అన్నది. "దీంట్లో పోదాం నాయనా ఇంకమీద. దాంట్లో మాట్లాడే మనిసే లేడు."

ఇవన్నీ కలిపి మేము ముగ్గురం ఒక పద్ధతి పెట్టుకున్నాం. అందరూ పాటించాలని కాదు, ఆలోచించమని చెప్తున్నాం.

మొదటిది. ఒంట్లో బాగాలేనివాళ్లు, ముసలివాళ్లు, ఆపరేషను అయినవాళ్లు ఉంటే వెనకాడొద్దు. ఎంత పై తరగతి అవసరమైతే అంత తీయండి. మన తల్లుల మోకాళ్లు ఊరి పొలాల్లోనే అరిగినాయి. అయితే చాలాసార్లు థర్డ్ ఏసీలో కింది బెర్తు సరిపోతుంది. దాని పైన కట్టేది ఎక్కువగా తలుపుకే అని గుర్తుంచుకోండి.

రెండోది. ప్రభుత్వం ఇచ్చేది వదలొద్దు. ఎల్‌టీసీలో, అధికారిక ప్రయాణాల్లో జీతం స్థాయిని బట్టి ఏ తరగతికి అర్హత ఉందో జీవోల్లో రాసి ఉంటుంది. "మాకెందుకులే సార్, స్లీపరు చాలు" అని తగ్గించుకునేవాళ్లు మనలోనే ఎక్కువ. అది వినయం కాదు. మా నాయన తలుపు దగ్గర కూచున్న అలవాటే అది. హక్కుగా వచ్చిన బెర్తు మీద కూచోండి.

మూడోది. ఒంటరిగా పోయే ఆడపిల్లలకు ఫస్టు క్లాసే భద్రమని అనుకోవద్దు. ఫస్టు ఏసీలో ఏ గది, ఏ బెర్తు అనేది చార్టు తయారయ్యేదాకా తెలియదు. మూసిన తలుపు వెనక ఎవరితో పడుతుందో చెప్పలేం. పదిమంది మధ్య ఉండే థర్డ్ ఏసీయో స్లీపరో నయం.

నాలుగోది. మిగతా ప్రయాణాలన్నిటికీ, కేవలం "మనమూ కూచుంటాం" అని చూపించడానికి అయితే, ఆ తేడా డబ్బు కట్టొద్దు. ఆ తేడాను వేరే తీసి పెట్టండి. హాస్టల్ పిల్లలు పండక్కి ఇంటికి పోలేక గదుల్లో ఉండిపోవడం మేము ప్రతి ఏడాదీ చూస్తున్నాం. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు సొంత ఊరికి పోయే ప్రయాణానికి సెకండు, స్లీపరు తరగతుల్లో ఛార్జీలో 75 శాతం రాయితీ ఉంది. మిగతా విద్యార్థులకు 50 శాతం. బడి లేక కాలేజీ పెద్ద సర్టిఫికెట్టు ఇవ్వాలి. ఎంతమంది పంతుళ్లం ఈ సంగతి పిల్లలకు చెప్పాం? ఒకరు ఒక్కసారి ఫస్టు క్లాసు మానుకుంటే మిగిలే డబ్బుతో ఈ రాయితీ మీద పదిమంది పిల్లలు ఇంటికి పోయి రావచ్చు.

ఇక చివరి మాట, అసలు మాట. ఎవరు ఏ పెట్టెలో ఎక్కాలని ఎంతసేపు మాట్లాడుకున్నా, మన జనం ఎక్కేది జనరల్ పెట్టె. హిందూపురం స్టేషన్లో తెల్లవారుజామున నిలబడి చూడండి. బెంగుళూరుకు బేల్దారి పనికి, ఇళ్లల్లో పనికి పోయేవాళ్లు. వాళ్లలో ఫస్టు క్లాసు గురించి ఆలోచించేవాడు ఒక్కడూ ఉండడు. కాలు పెట్టే చోటు కోసం ఆలోచిస్తాడు. 1974లో మూడో తరగతి అనే పేరు తీసేసి సెకండు క్లాసు అన్నారు. పేరు మారింది, చెక్క బల్లలు మారలేదు. 1977లో మధు దండావతే రైల్వే మంత్రిగా వచ్చి సెకండు క్లాసు బెర్తులకు రెండంగుళాల మెత్త వేయించాడు. అంతకుముందు సామాన్యుడికి చెక్క చాలన్నారు. మెత్త వేస్తే రైల్వే ఏమీ మునిగిపోలేదు. అడిగేవాళ్లు ఉంటే, వినే మంత్రి ఉంటే కింది తరగతి మారుతుందని ఆ రెండంగుళాలు చెప్తున్నాయి.

ఫస్టు క్లాసు పెట్టెలో మనోళ్లు ఎప్పటినుంచో ఉన్నారు, అది కూడా మర్చిపోవద్దు. దుప్పట్లు మోసేవాళ్లుగా, మరుగుదొడ్లు కడిగేవాళ్లుగా ఉన్నారు. మొన్నమొన్నటిదాకా అన్ని తరగతుల మలమూ పట్టాల మీదనే పడేది. స్టేషన్లలో దాన్ని ఎత్తింది ఎవరో మనకు తెలుసు. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. 2019 నాటికి గానీ దాదాపు అన్ని పెట్టెలకూ బయో టాయిలెట్లు రాలేదు. టికెట్టుకు తరగతులు పెట్టినవాళ్లు పీతి ఎత్తే పనికి మాత్రం ఒకే కులాలను పెట్టారు.

అందుకని తమ్ముడూ, నీ ప్రశ్నకు మా జవాబు ఇది. అవసరమైతే ఫస్టులో పో. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవద్దు. పోయినప్పుడు కులం అడిగితే దాచొద్దు, నేలమీద కూచోవద్దు. ఒకసారి మీ అమ్మను కూడా తీసుకుపో. కానీ ఆ తలుపు మూసుకుని లోపలే ఉండిపోవద్దు. దిగినాక జనరల్ పెట్టె దగ్గరికి వచ్చి నిలబడు.

ఈ సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాం. ఉదయం, సాయంత్రం బెంగుళూరు పోయివచ్చే బండ్లకు జనరల్ పెట్టెలు పెంచాలని, పెనుకొండలో ఇంకొన్ని ఎక్స్‌ప్రెస్‌లు ఆపాలని సంతకాలు సేకరిద్దాం. హిందూపురం, పెనుకొండ బెంగుళూరు డివిజను కిందికి వస్తాయి, ధర్మవరం గుంతకల్లు డివిజను కిందికి వస్తుంది. అర్జీ రెండు చోట్లా ఇవ్వాలి. కాగితాలు తెచ్చాం, ఆ బల్ల మీద ఉన్నాయి. మొదటి వేలిముద్ర అవ్వది. నిన్ననే వేసి పంపింది.

జై భీమ్.